ఓపెన్ స్టూడియోకి టీకొట్టు వాళ్లు కూడా రావాలంటే

మూతబడ్డ రైసుమిల్లులో మూడు నెలలు కళాకారుల రెసిడెన్సీ చేశాను. ఉండటానికి గది, పనికి చోటు, చేతిఖర్చులకి కాస్త డబ్బు ఇస్తారు. చివర్లో తలుపులు తీసి చేసిన పని చూపించాలి, అదే ఓపెన్ స్టూడియో. నేను పాత గోనెసంచులు విప్పి, దబ్బనంతో మళ్లీ కుట్టి పెద్ద తెరలు చేశాను. మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. అందరూ హైదరాబాద్ నుంచి, అందరూ బొమ్మలేసేవాళ్లే. గోడవతల టీకొట్టు దగ్గరున్నవాళ్లలో ఒక్కరూ తొంగిచూడలేదు.

కొచ్చి బినాలే అనే పెద్ద కళాప్రదర్శన 2012 నుంచి పాత గిడ్డంగుల్లాంటి చోట్ల జరుగుతోంది కదా, గిడ్డంగి గడప దాటడానికి గ్యాలరీ మెట్లంత బెరుకు ఉండదు కదా అన్న ధీమాతోనే మిల్లు ఎంచుకున్నాను. కానీ గేటు దగ్గర ఇంగ్లీషు బ్యానర్ కట్టి, పక్కన కుర్చీలో వాచ్‌మన్‌ని కూర్చోబెడితే అది మళ్లీ ఆఫీసే. రాత్రికి రాత్రి రెండూ తీయించాను.

మీరు నాలా చివరిరోజు దాకా ఆగకండి. చేరిన వారంలోనే పక్కనున్న టీకొట్టులో టీ తాగడం మొదలుపెట్టండి. సామాను ఊళ్లోనే కొనండి. పురికొస అమ్మినాయన దాంతో ఏం చేశారో చూడ్డానికి తప్పకుండా వస్తాడు. వేళ కూడా చూసుకోండి. పొద్దున పదకొండు గంటలకి పనులకెళ్లేవాళ్లెవరూ రాలేరు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది పెట్టండి.

చేసినదాని పక్కన పెట్టే లేబుల్ తెలుగులో, నాలుగు వాక్యాల్లో, చేయి చాచినంత దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ‘అస్తిత్వ విచ్ఛిన్నత’ లాంటివి రాయకండి, మీకే అర్థం కాదు. ‘ఈ సంచిలో ఒకప్పుడు ఏభై కిలోల బియ్యం ఉండేవి’ అని మొదలెట్టండి. గడపకి వాలుచెక్క వేయించండి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు లెక్క, అంటే అరడుగు గడపకి ఆరడుగులు. చక్రాల కుర్చీకే కాదు, మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లకీ అదే దారి. నాలుగు కుర్చీలు వేయండి. కంటిచూపు లేనివాళ్లకి, పిల్లలకి ముట్టుకోవడానికి ఒక ముక్క విడిగా కుట్టి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, పక్కన మనిషి ఉండాలి. చేర్యాల పటం సంగతి తెలుసుగా. ఖాదీ గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పట్టించి వేసిన ఆ పటాన్ని కథకులు ఊరూరా మోసుకెళ్లి, కొంచెం కొంచెం విప్పుతూ కథ చెప్పేవాళ్లు. గోడకి తగిలించి ‘మీకు తోచినట్టు అర్థం చేసుకోండి’ అని వెళ్లిపోలేదు. మన సమకాలీన కళకి ఆ మాత్రం ఓపిక లేకపోవడం నాకు సిగ్గుగానే ఉంటుంది. అలాగని పాఠం చెప్పకండి. ‘ఇది దేనితో చేశాననుకుంటున్నారు?’ అని అడిగి ఊరుకోండి.

రెండోరోజు అలాగే అడిగాను. ఒకప్పుడు ఆ మిల్లులోనే హమాలీగా చేసిన ఒకాయన తెర దగ్గరికొచ్చి, అంచు దారం వేలితో మీటి, “మేడం, ఈ మూల ముడి వేయలేదు. ఇది లాగితే మొత్తం ఊడొస్తది” అన్నాడు.

“వేసి చూపిస్తావా అన్నా?” అన్నాను.

దబ్బనం అడిగాడు. ముడి వేశాక టీకొట్టు వైపు తిరిగి మిగతావాళ్లని కేకేశాడు.