హోటల్ వాతావరణం, 3వ పాఠం: గోల తగ్గించడం

పోయిన పాఠంలో 6500 కెల్విన్ తెల్ల బల్బులు తీసేసి 2700, 3000 దగ్గరుండే పసుపు వెలుగువి పెట్టమన్నాను, పెట్టారనుకుంటా. ఈసారి చెవుల సంగతి.

మాది కడప. కింద కడప బండలు, గోడలకు సగం దాకా టైల్స్, బల్లల మీద గ్రానైట్, గ్లాసులన్నీ స్టీలువి. తుడుచుకోవడానికి ఇంతకంటే సుఖం లేదు, నేనూ అందుకే వేయించా. కానీ మధ్యాహ్నం సంగటి గిరాకీ మొదలైతే ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినబడదు. ఒకాయన నాటుకోడి పులుసు బాగుందంటూనే "తల నొస్తాంది, మిగతాది పార్సిల్ కట్టీన్నా" అని లేచిపోయాడు.

గట్టి, నున్నటి రాళ్లు శబ్దాన్ని మింగవు, తిప్పి కొడతాయి. పైగా చుట్టూ గోల పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం, మనల్ని చూసి పక్క బల్లవాళ్లు ఇంకా పెంచుతారు. ఫ్రాన్స్ డాక్టర్ ఎతియెన్ లొంబార్డ్ 1911లో దీని గురించి రాశాడు, ఆయన పేరుతోనే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. అంటే టీవీ సౌండు పెంచి గోలను కప్పేద్దామనుకుంటే అది ఇంకా పెరుగుతుంది. నేను ఆరు నెలలు చేసిన పని సరిగ్గా అదే!

ముందు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, గల్లా పెట్టె దగ్గర కాదు, మూల బల్ల దగ్గర కూర్చుని రద్దీ టైములో ఒక పావుగంట చూడండి. ఫోన్ అంకె పక్కాగా ఉండదు గానీ మార్పుకు ముందు, తర్వాత పోల్చుకోవడానికి చాలు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగం గోల తగ్గినట్టుంటుంది.

కళ్లు మూసుకుని వింటే దొంగలు దొరుకుతారు. మా దగ్గర మొదటి దొంగ కుర్చీలు, బండల మీద ఈడ్చినప్పుడల్లా కీచుమనేవి. కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడిగాం, అంతే. ప్లేట్లు కడిగే తొట్టిలో రబ్బరు మ్యాట్ వేశాం, చట్నీల మిక్సీ పని పన్నెండు లోపే ముగిస్తున్నాం. సర్వర్లు వంటింట్లోకి కేకలేయకుండా చీటీలు పెట్టాం, కానీ పొద్దున టిఫిన్ అప్పుడు "రెండు కారం దోసె" అనే కేక మాత్రం నేనే ఉంచేశా, అది లేకపోతే మన హోటల్‌లా అనిపించదు నాకు.

ఇంత చేసినా గదిలో ప్రతిధ్వని ఉంటే కప్పుకూ గోడల పైభాగానికీ గుడ్డ చుట్టిన రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి నార) ప్యానెళ్లు పెట్టించండి, పొయ్యికీ నూనె ఆవిరికీ దూరంగా. కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే వినకండి, దుమ్ము పడతాయి, తొందరగా నిప్పంటుకుంటాయి, గోల మాత్రం పెద్దగా తగ్గదు.

వచ్చే పాఠం వంటింటి పొగ. ఈలోగా వంటింటి గుమ్మంలో అగరుబత్తి పట్టుకుని, పొగ లోపలికి పోతోందా, తినేవాళ్ల మీదికి వస్తోందా చూసి రాసిపెట్టుకోండి.