ఆర్కేడ్ కంట్రోలర్ ఆగిపోతుంటే: లోపం కరెంటుదా, కనెక్షనుదా?

పర్లాకిమిడిలోనో, బరంపురంలోనో కంప్యూటరుకు తగిలించిన ఆర్కేడ్ జాయ్‌స్టిక్ పెట్టె ఆట మధ్యలో ఆగిపోయినప్పుడు చాలామంది ముందుగా అనుమానించేది లోపలి ఎన్‌కోడర్ బోర్డునే, అంటే బటన్ల నొక్కుళ్ళను కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చి పంపే బోర్డునే. ఆ బోర్డు మన ఊళ్ళ దుకాణాల్లో దొరికే వస్తువు కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా విశాఖపట్నం వెళ్ళే వారెవరికైనా చెప్పి పంపాలి. తీరా కొత్త బోర్డు వచ్చి బిగించాక కూడా అదే లోపం కనిపిస్తే ఆ ఖర్చంతా వృథా. బోర్డు మీద ఉండేది ఒక చిన్న చిప్పు, కొన్ని సాకెట్లు మాత్రమే కనుక అది దానంతట అది చెడిపోవడం తక్కువ. దానికి అందే 5 వోల్టులలోనూ, దానిని కంప్యూటరుతో కలిపే తీగలోనూ, ఆ కంప్యూటరు తగిలించిన గోడ ప్లగ్గులోనూ లోపాలు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి స్క్రూలు విప్పే ముందు, ఆ లోపం ఎప్పుడు వస్తోందో గమనించాలి. పెట్టెను కదిపినప్పుడు వస్తే తీగను, లైట్లన్నీ వెలిగినప్పుడో ఊళ్ళో వోల్టేజి పడిపోయినప్పుడో వస్తే కరెంటును, ఒక్క ఆటలోనే వస్తే సాఫ్ట్‌వేరును ముందు పరీక్షించాలి.

లైటే వెలగడం లేదు

ఇది అన్నిటికంటే సులువైన లోపం. పోర్టు మార్చి చూడాలి, ఆ తరువాత కేబుల్ మార్చి చూడాలి. డెస్క్‌టాప్ ముందు భాగంలోని పోర్టులు క్యాబినెట్ లోపల ఒక సన్నటి తీగ ద్వారా మదర్‌బోర్డుకు చేరుతాయి కనుక, పరీక్ష ఎప్పుడూ వెనుక పోర్టులోనే చేయాలి. పెట్టె తెరవక తప్పకపోతే, బోర్డు మీద కేబుల్ దిగే చిన్న తెల్లటి సాకెట్టును చూడాలి. ఎవరి కాలైనా కేబుల్‌కు తగిలినప్పుడు ముందుగా ఊడేది అదే. దానిని తిరిగి గట్టిగా నొక్కి, కేబుల్ పెట్టెలోనికి వచ్చే రంధ్రం దగ్గర ఒక ప్లాస్టిక్ టై బిగిస్తే లాగుడు బోర్డు దాకా పోదు.

లైటు వెలుగుతోంది, కంప్యూటరు గుర్తించడం లేదు

యూఎస్‌బీ కేబుల్‌లో సాధారణంగా నాలుగు తీగలు ఉంటాయి. ఎరుపు తీగలో 5 వోల్టులు వస్తాయి, నలుపు గ్రౌండు, ఆకుపచ్చ, తెలుపు తీగలు సమాచారాన్ని మోస్తాయి. మొదటి రెండు బాగుంటే లైటు వెలుగుతుంది, కానీ మిగతా రెంటిలో ఏది తెగినా కంప్యూటరుకు అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు, లేదా గుర్తించలేని పరికరం అన్న హెచ్చరిక వస్తుంది. ఫోను ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే కొన్ని చవక కేబుళ్ళలో ఆ రెండు తీగలు అసలే ఉండవు. ఆ కేబుల్‌తో ఒక ఫోనును కంప్యూటరుకు తగిలించి అందులోని ఫోటోలు కనిపిస్తాయేమో చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది.

కేబుల్ మంచిదే అయితే, తగిలించిన పరికరాలన్నిటి జాబితా చూపే విండోస్ డివైస్ మేనేజరు తెరవాలి. అక్కడ పసుపు త్రికోణంతో కోడ్ 43 కనిపిస్తే, ఆ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కేబుల్ తీసి, కంప్యూటరును పూర్తిగా ఆపి మొదలుపెట్టి, మరో పోర్టులో తగిలించాలి. అదే కంట్రోలరు మరో కంప్యూటరులోనూ అదే విధంగా ప్రవర్తిస్తే అప్పుడు మాత్రమే బోర్డును అనుమానించడం న్యాయం.

ఇటీవలి పెట్టెలలో ఎన్‌కోడరుగా రాస్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డును, దానిలోని ఆర్‌పీ2040 చిప్పును వాడుతున్నారు. ఈ బోర్డు 2021లో వచ్చింది. దీనికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది: జాయ్‌స్టిక్కుకు బదులు కంప్యూటరులో ఒక చిన్న పెన్‌డ్రైవ్ వంటిది ప్రత్యక్షమవుతుంది. దానిని చూసి వైరస్ అని భయపడనక్కర్లేదు. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కుకుపోయి ఉన్నా, బోర్డులో ప్రోగ్రాము చెరిగిపోయినా ఇలాగే కనిపిస్తుంది. బటన్ సరిగానే ఉంటే, పెట్టె తయారీదారు ఇచ్చిన యూఎఫ్2 అనే రకం ప్రోగ్రాము ఫైలును ఆ డ్రైవులోనికి కాపీ చేస్తే బోర్డు తిరిగి కంట్రోలరుగా లేస్తుంది. ఈ చిప్పు పిన్నులు 3.3 వోల్టులకు ఉద్దేశించినవి కనుక, పొరపాటున కూడా 5 వోల్టుల తీగను వాటికి తాకించకూడదు.

ఆట మధ్యలో తెగిపోయి మళ్ళీ వస్తోంది

యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి అత్యధికంగా 500 మిల్లీఆంపియర్ల కరెంటును, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లను ఇవ్వాలని నిర్దేశించారు. లైట్లు లేని కంట్రోలరుకు అందులో కొద్ది భాగం చాలు. లైట్లు ఉన్న బటన్ల విషయం వేరు. ఒక్కో ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంపియర్ల చొప్పున లెక్క వేసినా, ఇద్దరు ఆడే పెట్టెలో ఆటగాడికి ఎనిమిది చొప్పున పదహారు బటన్లు వెలిగితే 320 మిల్లీఆంపియర్లు అవుతాయి. సొంత అడాప్టరు లేని నాలుగు పోర్టుల హబ్బు ఒక్కో పోర్టుకు పూచీపడేది 100 మిల్లీఆంపియర్లకే. ఆ హబ్బులోనే కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవ్ కూడా ఉంటే, బటన్లన్నీ ఒకేసారి వెలిగిన క్షణంలో కంట్రోలరు తెగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరి బోర్డులనూ కంప్యూటరు వెనుక వేర్వేరు పోర్టులలో నేరుగా తగిలించాలి, లేదా సొంత అడాప్టరు ఉన్న హబ్బు కొనాలి.

పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కూడా ఇటువంటి పనే చేస్తుంది. 28 గేజి రాగి తీగకు మీటరుకు దాదాపు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మూడు మీటర్ల కేబుల్‌లో కరెంటు వెళ్ళడానికీ తిరిగి రావడానికీ కలిపి ఆరు మీటర్ల తీగ ఉన్నట్టు లెక్క కనుక, పైన చెప్పిన 320 మిల్లీఆంపియర్లకు దారిలోనే 0.4 వోల్టులు హరించుకుపోతాయి. పోర్టు దగ్గర 5 వోల్టులు కొలిచి అంతా సరిగానే ఉందనుకుంటే, బోర్డు దగ్గర 4.6 మాత్రమే మిగిలి ఉంటుంది. అందుకే మల్టీమీటరుతో కొలవవలసింది బోర్డు దగ్గర, అదీ లైట్లన్నీ వెలుగుతుండగా. కేబుల్ పొట్టిదై, లావుపాటి తీగలతో ఉంటే మంచిది. యూఎస్‌బీ 2.0 కేబుల్ మొత్తం పొడవు అతుకులతో కలిపి 5 మీటర్లు దాటకూడదు.

ఈ రెండూ కాక, కొంతసేపు ఎవరూ ఆడకుండా ఉన్న తరువాత మాత్రమే కంట్రోలరు మాయమవుతుంటే, అది విండోస్ కరెంటు ఆదా చేయబోయి చేసిన పని. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపివేయాలి. డివైస్ మేనేజరులో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్బు పవర్ మేనేజ్‌మెంట్ పేజీలోనూ, కంప్యూటరు ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కును తీసివేయాలి.

పెట్టె రేకు ముట్టుకుంటే చేతికి జిమ్మంటోంది

ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల పాత ఇళ్ళలో ఈ లక్షణాన్ని అందరూ తేలికగా తీసుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఇదే. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే మెయిన్స్ కరెంటును కంప్యూటరుకు తగిన వోల్టేజిగా మార్చే డబ్బాలో, విద్యుత్ రొదను ఎర్తు వైపు మళ్ళించే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడ ప్లగ్గులో మూడో పిన్ను నిజంగా భూమికి చేరితే ఆ రొద అక్కడికే పోతుంది. మూడో రంధ్రం వెనుక తీగే లేని చోట, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులో దూర్చిన చోట, కంప్యూటరు క్యాబినెట్ మీద మెయిన్స్ వోల్టేజిలో దాదాపు సగం, అంటే 115 వోల్టుల చుట్టూ, మల్టీమీటరులో కనిపిస్తుంది. దానిలో కరెంటు చాలా స్వల్పం. అయినా ఆ వోల్టేజి యూఎస్‌బీ కేబుల్ గ్రౌండు తీగ ద్వారా కంట్రోలరు దాకా వస్తుంది. ఆటగాడు పెట్టె రేకును తాకినప్పుడో, ఎర్తు ఉన్న మరో ప్లగ్గులోని టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ తగిలించినప్పుడో ఆ కరెంటు కొత్త దారి వెతుక్కుంటుంది, ఆ కుదుపుకు కంట్రోలరు తెగిపోతుంది.

దీనిని నిర్ధారించే పరీక్షకు ఖర్చు లేదు. అదే కంట్రోలరును ఒక లాప్‌టాప్‌కు తగిలించి, ఛార్జరునూ, టీవీ కేబుల్‌నూ తీసివేసి, బ్యాటరీ మీదనే ఒక గంట ఆడాలి. ఒక్కసారి కూడా తెగకుండా, ఛార్జరు తగిలించగానే లోపం తిరిగి మొదలైతే, కంట్రోలరు నిర్దోషి. ఎలక్ట్రీషియనును పిలిపించి ఫేజుకు, ఎర్తుకు మధ్య వోల్టేజి కొలిపించాలి. అది ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉన్న వోల్టేజికి దగ్గరగా లేకపోతే ఎర్తింగు లేనట్టే. ఎర్తు గుంట ఉండి కూడా ఎండాకాలంలో మట్టి ఎండిపోయి పనిచేయకపోవచ్చు కనుక, ఆ గుంటలో నీళ్ళు పోసి ఒకసారి తిరిగి కొలవాలి. కొందరు మిస్త్రీలు తేలిక మార్గంగా ఎర్తు పిన్నును ప్లగ్గులోనే న్యూట్రల్‌తో కలిపేస్తారు. దానికి ఎంతమాత్రం ఒప్పుకోకూడదు. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్ మీద పూర్తి ఫేజు నిలబడుతుంది. జిమ్మనడం కాక గట్టిగా షాకు కొడితే మాత్రం పరీక్షలన్నీ మాని వెంటనే మెయిన్ ఆపివేయాలి.

రాత్రి ఊరంతా ఫ్యాన్లు, కూలర్లు వేసిన వేళకు మాత్రమే లోపం వస్తే, ఎస్‌ఎంపీఎస్ మీది చీటీ చదవాలి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే దానికి మన లో వోల్టేజి ఒక లెక్క కాదు. 200 నుంచి 240 అని ఉంటే స్టెబిలైజరు కావాలి, లేదా ఎస్‌ఎంపీఎస్‌నే మార్చాలి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే క్షణంలో తెగుతుంటే, ఇన్వర్టరు మీద యూపీఎస్ అనే స్విచ్ ఉందేమో చూసి అటు పెట్టాలి. ఠాకురాణీ యాత్ర వంటి జాతరల్లో జనరేటరు మీద ఆటల పెట్టె నడిపేవారికి ఎర్తింగు సమస్య మరింత తీవ్రం కనుక, అక్కడ డెస్క్‌టాప్ కంటే లాప్‌టాప్ వాడడం మేలు.

ఒక బటన్ నొక్కగానే మొత్తం కంట్రోలరే పోతోంది

పోర్టులో కరెంటు మించిపోయిందని విండోస్ హెచ్చరిక కూడా చూపితే ఇక సందేహం అక్కరలేదు, ఆ బటన్ దగ్గర షార్టు ఉంది. లైటున్న బటన్‌కు నాలుగు టెర్మినళ్ళు ఉంటాయి, రెండు స్విచ్చివి, రెండు లైటువి. లైటుకు వెళ్ళవలసిన 5 వోల్టుల తీగను స్విచ్చి టెర్మినలుకు తగిలిస్తే, నొక్కిన ప్రతిసారీ 5 వోల్టులు నేరుగా గ్రౌండును తాకుతాయి. కేబుల్ తీసి, ఆ ఒక్క బటన్ తీగలు విప్పి, పక్క బటన్‌తో పోల్చి తగిలించాలి. లైటు మసకగా వెలగడం మాత్రం షార్టు కాదు. 12 వోల్టుల బటన్లను 5 వోల్టుల బోర్డుకు కొన్నవారికి కనిపించేది అదే.

కొన్ని బటన్లు, లేదా ఒక దిక్కు పనిచేయడం లేదు

చాలా పెట్టెలలో గ్రౌండు తీగ ఒక బటన్ నుంచి మరో బటన్‌కు గొలుసులా సాగుతుంది. అటువంటి పెట్టెలో వరుసగా మూడో బటన్ నుంచి చివరి వరకూ ఏదీ పలకకపోతే, రెండో దానికీ మూడో దానికీ మధ్య గ్రౌండు తెగిందని అర్థం. ఒక్కటే బటన్ మొండికేస్తే, దాని రెండు టెర్మినళ్ళనూ ఒక చిన్న తీగ ముక్కతో కలపాలి. అప్పుడు కంప్యూటరు స్పందిస్తే చెడింది స్విచ్చి, స్పందించకపోతే తీగ. జాయ్‌స్టిక్కు నాలుగు దిక్కులూ ఒకేసారి పోతే ఐదు పిన్నుల తీగను చూడాలి, నాలుగు దిక్కులకు నాలుగు, ఉమ్మడి గ్రౌండుకు ఒకటి. దానిని తలకిందులుగా దూర్చితే దిక్కులు అర్థం లేకుండా పలుకుతాయి.

తగిలించే క్లిప్పులలో 2.8 మిల్లీమీటర్లవీ, 4.8 మిల్లీమీటర్లవీ రెండూ వాడుకలో ఉన్నాయి. సన్నటి టెర్మినలు మీద పెద్ద క్లిప్పు వదులుగా నిలబడి, చేతి దెబ్బకు తెగుతూ కలుస్తూ ఉంటుంది. గోపాలపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలికి ఇత్తడి టెర్మినళ్ళ మీద ఆకుపచ్చని చిలుము కూడా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో, కాంటాక్ట్ క్లీనరుతోనో తుడిచి, పూర్తిగా ఆరాక తగిలించాలి. కొబ్బరినూనె రాయవద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది.

బ్లూటూత్ కంట్రోలరు తడబడుతోంది

యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్ళు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే వివరించింది. బ్లూటూత్ నడిచేది ఆ పరిధిలోనే. బ్లూటూత్ డాంగిల్‌ను, అంటే పోర్టులో దూర్చే చిన్న రిసీవరును, యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చి, పొట్టి ఎక్స్‌టెన్షన్‌తో క్యాబినెట్‌కు దూరంగా, ఆటగాడికి ఎదురుగా పెట్టాలి. రేకు పెట్టె లోపల బోర్డు బిగించి ఉంటే సంకేతం బయటికి రావడమే కష్టం కనుక, తీగ వాడుకోవడమే ఉత్తమం.

కంప్యూటరు గుర్తించింది, ఆటలో కదలిక లేదు

విండోస్‌లోని రన్ పెట్టెలో జాయ్ అని ఇంగ్లీషులో టైపు చేసి, చుక్క పెట్టి, సీపీఎల్ అని చేర్చి ఎంటర్ నొక్కితే కంట్రోలర్ల జాబితా తెరుచుకుంటుంది. అక్కడి పరీక్ష పేజీలో బటన్లు పలికితే కరెంటూ కనెక్షనూ రెండూ బాగున్నట్టే. చవక బోర్డులు డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. కొత్త ఆటలలో చాలా వరకు ఎక్స్‌ఇన్‌పుట్ అనే కొత్త పద్ధతినే వింటాయి. బోర్డు మీద మోడ్ మార్చే స్విచ్ ఉంటే మార్చాలి, లేకపోతే ఆటలు అమ్మే, నడిపే స్టీమ్ ప్రోగ్రాము ద్వారా ఆటను తెరిచి స్టీమ్ ఇన్‌పుట్‌ను ఆన్ చేయాలి. ఎక్స్‌ఇన్‌పుట్ నలుగురు ఆటగాళ్ళకు మించి ఒప్పుకోదు.

ఒకే రకం బోర్డులు రెండు ఉన్నప్పుడు కంప్యూటరు తిరిగి మొదలైనాక మొదటి ఆటగాడు రెండోవాడుగా మారిపోవడం మరో చికాకు. కేబుళ్ళ మీద అంకెలు రాసి, ప్రతిసారీ అవే పోర్టులలో తగిలిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ మారుతుంటే, పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటరులో నడిపే మేమ్ ప్రోగ్రాము వాడేవారు దాని కంట్రోలరు ఫైలులో ఏ పరికరం ఏ ఆటగాడిదో విడివిడిగా రాసిపెట్టవచ్చు.