ల్యాబ్ రిపోర్టులోని ‘నార్మల్’ను ఎలా చదవాలి

విశాఖపట్నంలో ఇప్పుడు ఏ పేటలో చూసినా హెల్త్ ప్యాకేజీల బోర్డులే. రిపోర్టు చేతికి రాగానే బోల్డ్‌లో అచ్చయిన అంకె దగ్గర గుండె గుభేలుమంటుంది. సాధారణంగా ఆరోగ్యవంతులు కొందరిని పరీక్షించి, వారిలో నడిమి 95 శాతం మంది విలువలను ‘నార్మల్ రేంజ్’గా తీసుకుంటారు, అంటే ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి ఐదుగురు దానికి అవతలే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్కటైనా రేంజ్ దాటే అవకాశం 60 శాతం పైమాటే. కాబట్టి స్వల్ప తేడా కనిపిస్తే కంగారుపడక, పాత రిపోర్టును పక్కన పెట్టుకుని పోల్చి, రెండూ డాక్టరుకు చూపించండి. షుగర్, కొలెస్ట్రాల్ హద్దులు మాత్రం వేరు. ఏ స్థాయి దాటితే ముప్పు పెరుగుతుందో చూసి వాటిని నిర్ణయించారు కనుక తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంట్లో బీపీ చూసుకునేవారు, ఆర్కే బీచ్‌లో నడిచి వచ్చి చెమట ఆరకముందే మెషిన్ తీయకూడదు. నడక, కాఫీ అయ్యాక అరగంట ఆగి, కుర్చీలో వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లపై ఉండాలి. చొక్కా మీద నుంచి కఫ్ (మెషిన్ పట్టీ) చుట్టకూడదు. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపుతుంది.

బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త క్వెట్లే జనసమూహాల సగటును వర్ణించడానికి కట్టిన లెక్క. మనవారికి తక్కువ బరువులోనే మధుమేహం ముప్పు మొదలవుతుంది కనుక, యాప్ 25 వరకు పచ్చరంగు చూపినా 23 నుంచే జాగ్రత్తపడాలి. టేపుతో నడుము కూడా కొలవండి: పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

వాచీ రోజూ అడిగే పది వేల అడుగులు 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) పేరుతో ప్రచారంలోకి వచ్చిన లెక్క. మోకాళ్లు అరిగిన పెద్దలను ఆ అంకెతో వేధించడం అన్యాయం.

వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరుతో మరింత జాగ్రత్త అవసరం. నల్లని చర్మం ఉన్నవారిలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆయాసం తగ్గకపోతే, వేలిపై 95 కనిపిస్తున్నా సరే, కేజీహెచ్‌కో దగ్గరలోని ఆసుపత్రికో వెంటనే వెళ్లండి.