గడ్డిచామంతి జెల్ – 4వ పాఠం: ఆకు సారం కలపగానే జెల్ ఎందుకు జారిపోయింది

ఈసారి స్ప్రెడబిలిటీ, అంటే జెల్ ఎంత తేలిగ్గా పరుచుకుంటుందో చెప్తానన్నా కానీ అది తర్వాత చూద్దాం. మీరు పంపిన ఫొటోలన్నిట్లో ఒకటే గోల, రాత్రంతా నానిన కార్బొపాల్ 940 (నీటిని జెల్‌గా చిక్కబరిచే పాలిమర్ పొడి) బేస్ బాగానే వచ్చింది సార్, ఎక్స్‌ట్రాక్ట్ కలపగానే మజ్జిగలా అయిపోయింది అని. ఆకు నీడన ఎండబెట్టడం, వడకట్టడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

జెల్ పల్చబడింది అనగానే అందరి చెయ్యీ ట్రైఇథనోలమైన్ (కార్బొపాల్ ఆమ్లగుణాన్ని తగ్గించి చిక్కబరిచే క్షారం) సీసా మీదకే పోతుంది, ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు పీహెచ్ పేపర్ (ఆమ్లమో క్షారమో చెప్పేది, 7 అంటే తటస్థం) ముంచండి. 4 చూపిస్తే ఆకులోని ఆమ్లాల పని, అప్పుడు ట్రైఇథనోలమైన్ చుక్క చుక్కగా వేసుకోవచ్చు. 6, 7 ఉండి కూడా పల్చగా ఉందంటే లవణాల పని. కార్బొపాల్ గొలుసులు చార్జ్ వచ్చాకే ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకుంటాయి, చిక్కదనం అక్కడిదే. నీళ్లలో కాచిన ఆకు సారంలో పొటాషియం లాంటివి బోలెడు దిగుతాయి, అవి ఆ చార్జ్‌ని కప్పేసరికి గొలుసులు మళ్లీ ముడుచుకుంటాయి. అప్పుడు ట్రైఇథనోలమైన్ ఇంకా పోస్తే చిక్కబడదు సరికదా పీహెచ్ పెరిగిపోయి చర్మం మంటపుట్టొచ్చు.

పసుపు కలిపినవాళ్లది ఇంకో కథ, జెల్ ఎర్రబడింది అని కంగారు పడ్డారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకొస్తుందో ఇదీ అందుకే, ట్రైఇథనోలమైన్ ఎక్కువై పసుపుకి క్షారం తగిలింది, పైగా క్షారంలో పసుపు రంగునిచ్చే కర్క్యుమిన్ నిలవదు కూడా.

దీనికి విరుగుడు ఏంటంటే నీటి కషాయం బదులు ఆల్కహాల్ ఎక్స్‌ట్రాక్ట్ వాడండి, లవణాలు తక్కువ దిగుతాయి. 100 గ్రాముల జెల్‌కి 2 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, 0.18 గ్రాముల మిథైల్ పారాబెన్, 0.02 గ్రాముల ప్రొపైల్ పారాబెన్ (ఈ రెండూ జెల్ పాడవకుండా), అన్నీ 10 గ్రాముల ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కరిగించి, ఇంకా న్యూట్రలైజ్ చెయ్యని, అంటే క్షారం కలపని 1 శాతం కార్బొపాల్‌లో మెల్లగా కలపండి, గట్టిగా తిప్పితే గాలి బుడగలు ఇరుక్కుంటాయి, ట్రైఇథనోలమైన్ అన్నిటికంటే ఆఖర్న. నీటి కషాయమే కావాలి అని పట్టుబడితే హెచ్‌పీఎంసీకి (సెల్యులోజ్ నుంచి చేసే ఇంకో చిక్కబరిచే పొడి) మారండి, దానికి చార్జే లేదు కాబట్టి లవణాల బెడద తక్కువ. నాకైతే కార్బొపాల్ మెరుపే ఇష్టం.

ఇంకోటి, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఈ ఆకు పసరే పిండుకున్నాం కదా అని ఈ జెల్ తెరిచిన పుండు మీద రాయొద్దు, ఇది స్టెరైల్ (క్రిములు లేకుండా చేసింది) కాదు, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు మీద అసలే వద్దు.

అభ్యాసం: నీటి సారంతో ఒకటి, ఆల్కహాల్ సారంతో ఒకటి, సారమే లేకుండా చిటికెడు ఉప్పు వేసి ఒకటి, మూడు బీకర్లు చెయ్యండి. మూడిటి పీహెచ్ రాసి ఒకే వెలుతురులో ఫొటో తీసి పంపండి, నెలరోజులు దాచి మళ్లీ కొలవండి.