పెళ్లిళ్ల సీజన్‌లో ముందుపంటి క్యాప్: షేడ్ తీసే ముందు జాగ్రత్తలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల మబ్బు విడిచేసరికి తమిళుల తై నెల, మాఘమాసం ముహూర్తాలు మొదలవుతాయి. వారంలో పెళ్లి, ముందుపంటికి క్యాప్ కావాలంటూ పేషెంట్లు వస్తారు. షేడ్, అంటే పక్క పళ్లతో కలిసే రంగు, తప్పితే మళ్లీ చేయించే వ్యవధి ఉండదు.

షేడ్ తీసే డెంటిస్టులు ముందు మీ కళ్లు చూపించుకోండి. రంగులు గుర్తించలేని లోపాన్ని పట్టే ఇషిహారా చుక్కల పుస్తకాన్ని పగటి వెలుతురులో 75 సెంటీమీటర్ల దూరం నుంచి చదవాలి. ఫోన్ తెర మీద చేసే పరీక్షను నమ్మవద్దు. ఎరుపు-ఆకుపచ్చ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

పంటి రంగు పోల్చిచూసే వీటా క్లాసికల్ గైడ్‌లో 16 ట్యాబ్‌లు, అంటే పంటి ఆకారపు నమూనాలు. ఎ వరుసది ఎర్రటి గోధుమ ఛాయ, బి ఎర్రటి పసుపు, సి బూడిద, డి ఎరుపు కలిసిన బూడిద. ఆ కాస్త ఎరుపు అందని కంటికి సి, డి ఒకటిగానే కనిపించవచ్చు. లేతా ముదురా అన్నది మాత్రం వాళ్లూ సాధారణంగా బాగానే పట్టగలరు. కాబట్టి లోపం ఉన్నవాళ్లు వాల్యూ (లేత-ముదురు స్థాయి) తాము చూసుకుని, రంగు వరుసను అసిస్టెంట్‌కో, రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌కో వదిలేయాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

సాధన కంటి లోపాన్ని మాన్పదు. అలాగని కళ్లు బాగున్నంత మాత్రాన సాధన అక్కర్లేదనుకోవద్దు. ట్యాబ్‌ల కోడ్‌ల మీద టేపు అంటించి, లేత నుంచి ముదురుకు పేర్చండి: బి1, ఎ1, బి2, డి2, ఎ2, సి1 అలా మొదలై సి3, ఎ4, సి4తో ముగియాలి. తడబడేది ఎక్కువగా మధ్యలోనే, డి4, ఎ3, డి3 దగ్గర.

పేషెంటు కూర్చోగానే చేయాల్సిన మొదటి పని షేడ్. పంటికి లాలాజలం తగలకుండా చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్ వేసి పది పదిహేను నిమిషాలైతే పన్ను ఎండి తెల్లబడుతుంది. అప్పుడు తీసిన షేడ్‌తో చేసిన క్యాప్, మర్నాడు తడి పళ్ల పక్కన సున్నం కొట్టినట్టు ఉంటుంది. బ్లీచింగ్ చేయించుకుని ఉంటే రెండు వారాలు ఆగాలి. ఫిల్టర్ కాఫీ మరకలు పాలిష్ చేయండి, లిప్‌స్టిక్ తుడిపించండి. మిరపపండు రంగు పట్టుచీర కట్టుకొస్తే మెడ నుంచి కిందికి బూడిదరంగు గుడ్డ కప్పండి. ఎరుపు చూసిన కంటికి పన్ను కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది.

సాయంత్రం క్లినిక్ అయితే కుర్చీ లైటు ఆర్పి, పగటి వెలుతురును పోలిన 5500 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఉన్నదున్నట్టు చూపే కొలమానం) 90 దాటిన దీపం వాడండి. తడిపిన ట్యాబ్‌ను పంటి అంచుకు అంచు ఆనించి, ఒకే తలంలో పట్టి, ఐదారు సెకన్లు మాత్రమే చూడాలి. తర్వాత బూడిద కార్డు మీదికి చూపు తిప్పండి. కోడ్ కనిపించేలా ఫోటో తీసి ల్యాబ్‌కు పంపండి. క్యాప్ లిథియం డైసిలికేట్ అనే, వెలుతురు చొరబడే పింగాణీది అయితే అరగదీసిన పంటి రంగు కూడా రాయాలి, అది కిందినుంచి తొంగిచూస్తుంది. రెండు ట్యాబ్‌ల మధ్య సందేహమైతే లేతదే ఎంచుకోండి. పైపూత రంగు (స్టెయిన్) వేసి ముదురు చేయవచ్చు, ముదురును లేత చేయడం కుదరదు.

అతికించే ముందు క్యాప్‌ను ట్రై-ఇన్ పేస్టుతో (తాత్కాలికంగా పెట్టి చూసే పేస్టు) పెట్టి, కిటికీ దగ్గర పేషెంటుకు చేతి అద్దం ఇవ్వండి. వీలైతే వాళ్లమ్మనూ చూడమనండి. వంక పెట్టేది ఆవిడే.