పాత కారు ఏసీలో గ్యాస్ నింపడం ఎలా?

పాత కారులో ఏసీ చల్లగా రావడం లేదంటే అందరూ మొదట అనే మాట "గ్యాస్ అయిపోయి ఉంటుంది, నింపించు" అని. నిజానికి ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్‌ల మధ్య మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కండెన్సర్‌లో ద్రవంగా మారుతుంది, కూలింగ్ కాయిల్‌లో వేడిని పీల్చుకుని మళ్లీ ఆవిరవుతుంది. అది తగ్గిందంటే ఎక్కడి నుంచో బయటికి పోయిందన్నమాట.

రబ్బరు గొట్టాల గుండా, కీళ్ల దగ్గరుండే ఓ రింగుల (గుండ్రటి రబ్బరు సీళ్ల) పక్క నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం పాత కార్లలో మామూలే. చాలా ఏళ్లకు ఒకసారి నింపుకోవాల్సి వస్తే కంగారు పడక్కర్లేదు. నింపిన నెలకే మళ్లీ వేడిగాలి వస్తుంటే మాత్రం అది లీకే. దాన్ని వదిలేసి మళ్లీమళ్లీ నింపితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, కంప్రెసర్ కూడా పోతుంది. ఎందుకంటే దాన్ని తడిపే ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. లీకైన చోట ఆయిల్ కూడా కారిపోతుంది, గ్యాస్ తక్కువైతే మిగిలిన ఆయిల్ కూడా కంప్రెసర్ దాకా సరిగా తిరిగి రాదు.

తగ్గింది గ్యాసేనా?

గ్యాస్ డబ్బా కొనే ముందు ఒక పావుగంట ఈ పరీక్షలకు కేటాయించండి. గాలే తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. కారు పరుగెడుతుంటే చల్లగా ఉండి, ఆగినప్పుడు వేడెక్కుతుంటే కండెన్సర్ ముందున్న మట్టి మీదో, ఫ్యాన్ మీదో అనుమానపడాలి.

తర్వాత ఏసీ వేసి కంప్రెసర్ ముందున్న క్లచ్‌ను గమనించండి. కొన్ని సెకన్లకోసారి టక్‌మని పట్టుకుని వదిలేస్తుంటే గ్యాస్ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అసలు పట్టుకోకపోతే గ్యాస్ బాగా పోయి లో ప్రెషర్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు, లేదా ఫ్యూజో రిలేనో పోయి ఉండొచ్చు. ఆ స్విచ్‌ను వైరుతో కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పకండి. అది ఉన్నదే కంప్రెసర్‌ను కాపాడటానికి.

ఏ గ్యాసో తెలియాలి

బానెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పడుతుంది, ఏ ఆయిల్ వాడాలి అన్నీ ఉంటాయి. స్టిక్కర్ ఊడిపోతే సర్వీస్ మాన్యువల్ చూడండి. 1990ల తొలి ఏళ్ల దాకా వచ్చిన కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా పక్కకు తప్పించారు. దాని స్థానంలో ఆర్-134ఏ వచ్చింది. ఈమధ్య వచ్చిన చాలా కార్లలో ఆర్-1234వైఎఫ్ ఉంటోంది.

ఒకదానిలో ఇంకోటి కలపకూడదు. ఆర్-12 కారును ఆర్-134ఏకి మార్చుకోవచ్చు కానీ, అది టాపప్ చేసినంత తేలిక కాదు. పాత గ్యాస్ మొత్తం తీయించాలి, డ్రైయర్ (లోపలి తేమను పీల్చే భాగం), ఓ రింగులు మార్చాలి, కొత్త గ్యాస్‌కు నప్పే ఆయిల్, కొత్త ఫిట్టింగులు వేయాలి. మర తిప్పి బిగించే పాత పోర్టులకు (గ్యాస్ నింపే గొట్టం తగిలించే చోట్లకు) ఆర్-134ఏ గొట్టాలు సరిపోకపోవడం కూడా పొరపాటున కలపకుండా ఉండటానికే. ఇక ప్రొపేన్, బ్యూటేన్ కలిపి చవకగా అమ్మే గ్యాసుల జోలికి అసలు పోవద్దు. వాటి కోసం తయారు కాని కారులో కూలింగ్ కాయిల్ లీకైతే, మండే గ్యాస్ మనం కూర్చున్న చోటికే వస్తుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆర్-134ఏ గురించే.

పనిముట్లు, జాగ్రత్తలు

రెండు గేజీలున్న మానిఫోల్డ్ సెట్, వాక్యూమ్ పంపు, గ్రాముల్లో తూచే త్రాసు, డబ్బాకు బిగించే ట్యాప్, ఒక చిన్న థర్మామీటర్ కావాలి. ఒక్క గేజీ, ఒక్క గొట్టంతో వచ్చే కిట్లు సులువుగా కనిపిస్తాయి గానీ, అవి లో సైడ్, అంటే కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే తక్కువ ప్రెషర్ వైపు ఒక్కటే చూపిస్తాయి. హై సైడ్, అంటే కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి పోయే ఎక్కువ ప్రెషర్ వైపు, తెలియకుండా నింపడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. లీకులు వాటంతటవే మూసుకుంటాయని చెప్పి అమ్మే ద్రావణాలున్న డబ్బాలు కూడా వద్దు. ఆ జిగురు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ, తర్వాత వర్క్‌షాపు మెషీన్‌లోనూ అడ్డుపడుతుంది.

ద్రవంగా ఉన్న ఆర్-134ఏ మామూలు గాలి పీడనంలో సున్నాకు దిగువన 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడితే అక్కడ గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లను కప్పే రక్షణ అద్దాలు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది కాబట్టి మూసి ఉన్న గ్యారేజీలో పని పెట్టుకోకండి. నిప్పు తగిలితే విషవాయువులు పుడతాయి, దగ్గర్లో సిగరెట్ కూడా ఉండకూడదు.

మొదట లీకు పట్టండి

ఇంజిన్ ఆపి, చల్లారాక గేజీలు తగిలించండి. కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు వెళ్లే లావు గొట్టం మీద లో సైడ్ పోర్టు ఉంటుంది, మూత మీద ఎల్ అనే అక్షరం కనిపిస్తుంది. దానికి నీలం గొట్టం. సన్న గొట్టం మీదున్న హై సైడ్‌కు ఎర్ర గొట్టం. బయట 30 డిగ్రీలుంటే రెండు గేజీలూ దాదాపు 97 పీఎస్‌ఐ (టైర్ల గాలికి వాడే ప్రెషర్ కొలతే) చూపించాలి. అంత చూపించినా గ్యాస్ నిండుగా ఉందని కాదు, లోపల కొంతైనా ద్రవం మిగిలి ఉందని మాత్రమే అర్థం. చాలామంది ఇక్కడే పొరబడతారు. సున్నా దగ్గరుంటే మొత్తం పోయినట్టే.

గొట్టాల కీళ్ల దగ్గర, కంప్రెసర్ చుట్టూ, కండెన్సర్ మీద నూనె మరకలు, వాటికి అంటుకున్న దుమ్ము కోసం చూడండి. లోపల ప్రెషర్ ఉంటే సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తాయేమో గమనించండి. పోర్టుల లోపలుండే చిన్న వాల్వులనూ మరవొద్దు. లీకు మరీ సన్నదైతే యూవీ డై వేసి, కొన్ని రోజులు నడిపి, చీకట్లో యూవీ లైటుతో వెతకాలి. ఖాళీ అయిన సిస్టమ్‌లో టైర్లకు కొట్టే మామూలు గాలి ఎక్కించి పరీక్షించకండి, తేమ లోపలికి పోతుంది. ఆ పనికి వర్క్‌షాపుల్లో పొడి నైట్రోజన్ వాడతారు.

లీకు దొరికితే ఆ భాగం విప్పే ముందు మిగిలిన గ్యాస్‌ను రికవరీ మెషీన్ ఉన్న వర్క్‌షాపులో తీయించండి. గాల్లోకి వదలొద్దు. వందేళ్ల లెక్కలో చూస్తే ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంతగా భూమిని వేడెక్కిస్తుంది. లీకు లేకుండా గ్యాస్ కొద్దిగా తగ్గిందనిపించినా నేను ఇదే చేయమంటాను. లోపల ఎంతుందో తెలియనప్పుడు ఇంకా ఎంత వేయాలో ఎవరూ చెప్పలేరు. మొత్తం తీసి, తూచి నింపితేనే లెక్క సరిపోతుంది.

సిస్టమ్ చాలాకాలం తెరుచుకుని ఉంటే డ్రైయర్ మార్చండి. ఏదైనా భాగం మారిస్తే మాన్యువల్ చెప్పినంత ఆయిలే వేయండి. ఈ ఆయిల్‌లో చాలా రకాలు తేమను పీల్చేస్తాయి కాబట్టి సీసా మూత తీసి ఉంచొద్దు.

వాక్యూమ్, ఆ తర్వాత గ్యాస్

మానిఫోల్డ్ మధ్యలో ఉండే పసుపు గొట్టాన్ని వాక్యూమ్ పంపుకు తగిలించి, మానిఫోల్డ్ మీదున్న నీలం, ఎర్ర వాల్వులు రెండూ తెరిచి కనీసం 30 నుంచి 45 నిమిషాలు నడపండి. సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో నీలం గేజీ సున్నాకు దిగువన, వాక్యూమ్ వైపు 29 అంగుళాల (పాదరసం) దగ్గరికి రావాలి. ఎత్తయిన చోట్ల కాస్త తక్కువే వస్తుంది. వాక్యూమ్‌లో నీళ్లు మామూలు వేడికే మరిగిపోతాయి, అలా తేమ బయటికి పోతుంది. తర్వాత వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట ఆగండి. ముల్లు కదిలితే లీకు ఇంకా ఉన్నట్టే, వెనక్కి వెళ్లాలి. కదలకపోతే సగం గెలిచినట్టు.

ఇప్పుడు పసుపు గొట్టాన్ని డబ్బా ట్యాప్‌కు మార్చండి. డబ్బా తెరిచి, మానిఫోల్డ్ దగ్గర ఆ గొట్టాన్ని ఒక్క క్షణం వదులు చేసి బిగిస్తే లోపలి గాలి పోతుంది. డబ్బాను త్రాసు మీద నిలువుగా పెట్టి అంకె రాసుకోండి. ఇంజిన్ ఆపి ఉండగానే నీలం వాల్వు తెరవండి, వాక్యూమ్ కొంత గ్యాస్‌ను తనే లాక్కుంటుంది. అది ఆగాక ఎర్ర వాల్వు మూసి ఉందని రెండుసార్లు చూసుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర వాల్వు తెరిస్తే హై సైడ్ ప్రెషర్ డబ్బాలోకి వచ్చి అది పేలిపోవచ్చు.

ఏసీ ఫుల్లు, బ్లోయర్ ఫుల్లు, అద్దాలు దించి, ఇంజిన్‌ను 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. నీలం వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ మూస్తూ ఆవిరిని మాత్రమే పోనివ్వండి. డబ్బా తలకిందులు చేస్తే ద్రవం కంప్రెసర్‌లోకి పోయి దాన్ని విరగ్గొడుతుంది. డబ్బా చల్లబడి నెమ్మదిస్తే గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు. స్టిక్కర్ మీదున్న గ్రాములు చేరగానే ఆపేయండి. "ఇంకొంచెం వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది" అనేది నిజం కాదు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి, కూలింగ్ తగ్గి, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గేజీలు చెప్పే మాట

బయట 30 డిగ్రీలున్నప్పుడు లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 180 నుంచి 250 పీఎస్‌ఐ మధ్య ఉంటే చాలా కార్లకు బాగున్నట్టే. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్ మీద నీళ్లు పోసి చూడండి. హై సైడ్ గబగబా దిగితే లోపం ఫ్యాన్‌లోనో, కండెన్సర్‌కు గాలి తగలకపోవడంలోనో ఉండొచ్చు. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ అయితే కంప్రెసర్ అరిగిపోయి ఉండొచ్చు. లో సైడ్ వాక్యూమ్ దాకా పడిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఏదో అడ్డుపడింది. అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ ఉంచితే 5 నుంచి 10 డిగ్రీల మధ్య రావాలి.

ఇంజిన్ ఆపి, ప్రెషర్లు తగ్గాక గొట్టాలు తీయండి. పోర్టుల మూతలు గట్టిగా బిగించండి, అవి దుమ్మును ఆపడమే కాదు, లీకును కూడా ఆపుతాయి. తేదీ, వేసిన గ్రాములు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ కింద అంటించండి. ఒకటి రెండు నెలల తర్వాత అదే థర్మామీటర్‌ను, అంతే ఎండలో, మళ్లీ ఆ వెంట్‌లో పెట్టి చూడండి.