తాతముత్తాతల ఆరా: జేబులో డబ్బు లేకపోయినా

మన దగ్గర వంశం వెతకడానికి డబ్బు కన్నా ముందు కావలసింది ఊరి పేరు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో, ఎక్కడెక్కడి జిల్లాల్లోనో కనిపిస్తుంది కాబట్టి అదొక్కటే పట్టుకుని బయల్దేరితే దారి తప్పుతారు. ఇంటిపేరు, ఊరు, సుమారు కాలం, ఈ మూడూ కలిస్తేనే ఒక కాగితం మీ కుటుంబానిదని చెప్పగలం. ఆ మూడూ ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఆఫీసుల చుట్టూ తిరగడం ఆఖరు పని.

ముందు మేనత్తను అడగండి

కాగితం ఎక్కడికీ పోదు, మనిషి ఆగరు. అందుకే ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, అనుమతి అడిగి, ఒక్కో విడత ముప్పావు గంటకు మించకుండా మాట్లాడించండి. అలసిపోతే పేర్లు కలిపేస్తారు. "మన వంశం గురించి చెప్పు నాయనమ్మా" అంటే "ఏముంది చెప్పడానికి" అనే జవాబే వస్తుంది. "నీ పెళ్ళి ఏ ఊళ్ళో అయింది? అప్పటికి మీ తాత ఉన్నాడా? పురుడు ఎవరింట్లో పోశారు?" అని అడగండి. ఒక్కో జవాబులో రెండు మూడు పేర్లు, ఒక ఊరు దొర్లుతాయి.

ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టినూరు ఈ విడతలోనే రాసేసుకోవాలి. పాత రికార్డుల్లో ఆమె "ఫలానా వారి భార్య"గానే ఉంటుంది. పుట్టింటి పేరు మాటలో పోతే కాగితంలో తిరిగి దొరకడం చాలా కష్టం, అక్కడితో వంశంలో సగం తెగిపోతుంది. ఈ విషయంలో మేనత్తను మించిన ఆధారం లేదు. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ఆమెకు కంఠతా వచ్చు.

ఏ సంవత్సరమని అడిగితే తెలియదంటారు, ఏ సంఘటనకు ముందో వెనకో అడిగితే చెబుతారు. విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. తెలంగాణలో పోలీసు చర్య 1948 సెప్టెంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఇంకా వెనక్కి, ముత్తాతల మాటల్లో ధాత కరువు వినిపిస్తే అది 1876-78 నాటిది. తెలుగు సంవత్సరం పేరు చెబితే 60 ఏళ్ళ చక్రంతో జాగ్రత్త. దుర్ముఖి అంటే 1896-97 కావచ్చు, 1956-57 కావచ్చు. ఆ మనిషి పిల్లల వయసులు చూస్తే ఏదో తేలిపోతుంది. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో జరిగినవి చాలావరకు ఇంగ్లీషు లెక్కలో మరుసటి ఏడాదిలో పడతాయి.

అటక మీద ఉన్నవి

ట్రంకు పెట్టె, అటక, దేవుడి గూడు వెతకండి. పెళ్ళిలో వచ్చిన ఇత్తడి బిందెలు, గిన్నెల మీద ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కి ఉంటాయి. మేనమామ ఊరు ఒక చెంబు మీద దొరకడం కొత్తేమీ కాదు. పెళ్ళి శుభలేఖలు, తాటాకు జాతకాలు, పాత పంచాంగాల అంచుల్లో రాసిన పుట్టుకలు, ఫోటో వెనక స్టూడియో ముద్ర, అన్నీ పనికొస్తాయి. తద్దినం పెట్టే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు, గోత్రం సంకల్పంలోనే చెబుతారు కాబట్టి ఆ పేర్లు నోటికి వచ్చినవారిని అడగండి.

అన్నిటికన్నా విలువైనది భాగపంపకాల దస్తావేజు. అందులో తండ్రి, అన్నదమ్ములందరూ, ఒక్కోసారి వితంతువైన వదిన, మైనరు పిల్లలు, ఎవరికి ఏ పొలం వచ్చిందో సర్వే నంబరుతో సహా ఉంటుంది. తర్వాతి స్థానం వీలునామాది. అమ్మకపు దస్తావేజులో హద్దుల దగ్గర ఉన్న పొరుగు రైతుల పేర్లు కూడా రాసుకోండి. పక్క పొలం తరచుగా దాయాదులదే.

కాగితాన్ని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా ఫోటో తీయండి. లామినేషన్ చేయించొద్దు. వేడికి సిరా చెదరవచ్చు, తర్వాత ఆ ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితమే చిరుగుతుంది. సెలోటేపు కూడా అంతే, కొన్నాళ్ళకు పసుపు మరకై అక్షరాలను తినేస్తుంది.

రాసుకునే పద్ధతి

200 పేజీల నోటుబుక్కు చాలు. ఒక్కో మనిషికి ఒక వరుస నంబరు ఇవ్వండి, ఆ నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వొద్దు. చెట్టు బొమ్మ గీస్తూ పోతే మన కుటుంబాల్లో అది మూడో తరానికే చిక్కుపడుతుంది. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాల వల్ల ఒకే మనిషి రెండు కొమ్మల మీద కనిపిస్తాడు. నంబరుంటే రెండుచోట్లా అదే మనిషని తెలుస్తుంది.

ఇంతకన్నా ఎక్కువ జరిగే తప్పు మరొకటి: మనవడికి తాత పేరు పెట్టే అలవాటు వల్ల సుబ్బయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు సుబ్బయ్య, మళ్ళీ వెంకయ్య. ఇద్దరు వెంకయ్యలను ఒకరిగా కలిపేస్తే రెండు తరాలు మాయమవుతాయి. ఒకే పేరున్న తాతామనవళ్ళ మధ్య దాదాపు 50 ఏళ్ళు ఉండాలి. ఒకే మనిషి 1890లో పొలం కొని 1962లో అమ్మినట్టు తేలితే వాళ్ళు ఇద్దరేమో చూడండి. పెద, చిన అనే ముందుమాటలను ఎప్పుడూ వదలొద్దు, పినతండ్రి కొడుకులను వేరు చేసేది అవే.

ప్రతి వివరం పక్కనా ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ కాగితంలో అని రాయండి. కంప్యూటరు ఉంటే గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగులోనే ఎక్కించుకోవచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

పొలం కాగితాలు

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి: ఊరు కదలదు, జిల్లా మారుతుంది. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి. 1985కు ముందు ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు లేవు, తాలూకాలే. తాత కాలంలో మీ ఊరు ఏ తాలూకాలో ఉందో తెలియకపోతే రికార్డు గదిలో ఎవరూ సాయం చేయలేరు.

ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి వెబ్‌సైట్లు ఇప్పటి యజమానినే చూపిస్తాయి. వాటి నుంచి మనకు కావలసింది సర్వే నంబరు మాత్రమే. అది పట్టుకుని ఆంధ్ర వైపు తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (భూమి కొలిచి శిస్తు ఖరారు చేసినప్పుడు రాసిన రిజిస్టరు) అడగండి, పాతవాళ్ళు దాన్నే డైగ్లాట్ అంటారు. జమీందారీ గ్రామమైతే రైతువారీ సెటిల్‌మెంటు, అంటే ఒక్కో రైతు పేరున శిస్తు ఖరారు చేయడం, 1948 జమీందారీ రద్దు చట్టం తర్వాతే జరిగింది కాబట్టి అంతకు ముందరి రైతుల పేర్లు ఈ రిజిస్టరులో వెతకొద్దు. ఇనాం (మాన్యం) భూమి ఉన్న కుటుంబాలకు 1860 ప్రాంతపు ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉంది. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్క అందరికీ మొదటి మెట్టు, ఎందుకంటే పట్టాదారు పేరుతో పాటు సాగులో ఉన్నవారి పేరు కూడా అందులో ఉంటుంది. దానికి వెనక సేత్వార్, అంటే నిజాం కాలపు భూసర్వే రిజిస్టరు. అది ఉర్దూలో ఉంటుంది, ఫోటో తీసి చదవగలిగిన పెద్దవారికి చూపించాలి. కోస్తాలో గొలుసుకట్టు రాతకు పాత కరణాల కుటుంబాలవారు, దస్తావేజు లేఖరులు అక్కరకొస్తారు.

పాత పొలం కాగితాల మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910-11.

రిజిస్ట్రేషన్ ఈసీలు (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి వెతికించాలి. వెతికే ఏళ్ళు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది కాబట్టి ముందు కాలాన్ని కుదించుకుని వెళ్ళండి. రికార్డు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. "మా వంశ వివరాలు ఇవ్వండి" అని రాస్తే తిరస్కరిస్తారు. ఊరు, సర్వే నంబరు, రిజిస్టరు పేరు, సంవత్సరం రాసి నకలు అడగాలి.

జనాభా లెక్కల కోసం తిరగొద్దు. ఇంటింటి వివరాలు చట్టప్రకారం ఎవరికీ చూపించరు.

పొలం లేని ఇళ్ళు

పైన చెప్పినదంతా పట్టా ఉన్నవారికే. కూలి చేసుకు బతికిన తాతలు, చేతివృత్తులవారు అడంగల్లో, అంటే ఊరి సాగు లెక్కల్లో, ఉండరు. అంతమాత్రాన వాళ్ళ ఆనవాళ్ళు లేవని కాదు. బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. పుట్టినతేదీని మాత్రం నమ్మొద్దు, బడిలో చేర్చుకోవడానికి సరిపోయేలా పంతుళ్ళు వేసిన తేదీలే ఎక్కువ. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ రిజిస్టరు పెద్ద నిధి, పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే దొరకవచ్చు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోనే మొదలైంది. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నికా రిజిస్టరు అడగాలి.

ఇక కులాన్ని ఆశ్రయించి కథ చెప్పేవారు ఉన్నారు: మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు. గోత్రాలు, ఇంటిపేర్లు, ఏ ఊరి నుంచి ఎక్కడికి వచ్చారన్న మాట వారి దగ్గర విన్నది జాగ్రత్తగా రాసుకోండి. పురాణ భాగాన్ని, కుటుంబ భాగాన్ని విడివిడిగా రాయాలి. వారికి ఇవ్వవలసిన సంభావన ఎగ్గొట్టొద్దు, అది వారి జీవనాధారం.

ఓడ ఎక్కి వెళ్ళినవారి వంశాలకు మరో దారి ఉంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు, ఇవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసిన పేర్లవి. అప్పలస్వామి "అప్పల్‌సామి" అవుతాడు. అందుకే పేరుతో కాక ముందు తాలూకాతో వెతికి, ఆ తాలూకా జాబితా మొత్తాన్ని పైకి చదువుకుంటూ పోవాలి. కంటికి తప్పిపోయిన పేరు అలా చదివినప్పుడు చెవికి తగులుతుంది.